పది గంటల వేడి

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి, మన్నించాలి. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జారిపోతాయి. ఒక పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. యాభై ఆరో ఏట పలక పట్టినదాన్ని. మా వీధి చివర రూతమ్మగారు సాయంత్రాలు ఆడవాళ్ళకి చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చుని నేర్చుకున్నాను. మొన్న వేసవిలో మా ఇంట్లో జరిగింది నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. రాస్తే అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

ఏలూరు తంగెళ్ళమూడిలో మాది మోటార్ల వైండింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, రేకు పెట్టెలో బల్బుల వేడికి ఆరబెట్టి ఇస్తాం. ఆ రేకు పెట్టె మా ఆయన హమీద్ తన చేత్తో చేశారు. ఆరేళ్ళ కింద కలిదిండి వైపు ఒక చేపల చెరువులో మోటారు చూడడానికి దిగి, నీళ్ళలోకి కరెంటు దిగి ఉండడంతో అక్కడే పోయారు. అప్పటినుంచి షాపు మా అమ్మాయి గుల్నాజ్ చూసుకుంటోంది. నేను తీగల మధ్య పెట్టే కాగితాలు కత్తిరించి ఇస్తాను, పెట్టె చూస్తాను.

మాకు పనంతా వేసవిలోనే. ఎండలకి చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి. నీళ్ళని చిలికే ఏరేటర్లు ఆగకుండా తిరగాలి. ఆగకుండా తిరిగేవి కాలిపోతాయి. కాలిపోయినవి మా షాపుకి వస్తాయి.

అంత పనిలోనూ ఆదివారం మాత్రం గుల్నాజ్ షట్టర్ సగం దించేసేది. ఇద్దరు స్నేహితులు వచ్చేవారు. తాడేపల్లిగూడెం నుంచి చరణ్‌తేజ పాసింజరెక్కి పవర్‌పేట స్టేషన్లో దిగి నడిచి వస్తాడు. చెరువుల్లో గాలి కొలిచే మీటర్లు బాగుచేయడం అతని పని. పెదపాడు నుంచి లక్ష్మీప్రసన్న స్కూటీ మీద వస్తుంది. ఆ పిల్ల చేపపిల్లల కేంద్రంలో ఉద్యోగం చేస్తుంది. తల్లిచేపలకి గుర్తు కోసం బియ్యపు గింజంత చిప్పుని సూదితో ఒంట్లోకి ఎక్కించడం ఆమె చేతిలో పని. ముగ్గురూ కలిసి ఏవో చిన్న చిన్న యంత్రాలు చేసేవారు. ఎవరూ అడిగినవి కావు, ఎవరికీ అమ్మేవీ కావు. సరదా అనేవారు.

ఒక ఆదివారం ప్రసన్న తన బొటనవేలి పక్కన చర్మం కింద చిన్న ఉబ్బు చూపించింది. చేపలకి పెట్టేలాంటి చిప్పే, తనకి తనే పెట్టుకుందట.

"దీని దగ్గర ఫోను పెడితే ఫోన్లో నా పేరు వస్తుందండీ ఆంటీ."

"నీ పేరు నీకు తెలుసుగా అమ్మా?"

చరణ్ నవ్వాడు. "నేనూ అదే అన్నానండీ. చేపకైతే పేరు చెప్పుకోవడం రాదు, నీకేం వచ్చిందీ అని."

నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వాను కాబట్టే కాబోలు, ఏప్రిల్లో గుల్నాజ్ తన మాట నాకు అంత తేలిగ్గా చెప్పేసింది.

"అమ్మా, మేం ఒకటి చేస్తున్నాం. చింతగింజంత ఉంటుంది. కరెంటు ఉన్న చోటికి చెయ్యి తీసుకెళ్తే లోపల వణుకుతుంది. నా చేతిలో పెట్టుకుంటాను."

"చేతిలో అంటే?"

"లోపల. కుడి మోచేతికి కింద, చర్మం కింద."

పప్పు పోపు మాడిపోతున్నా నేను కదల్లేదు. "వాచీలా కట్టుకోకూడదా?"

గుల్నాజ్ పొయ్యి కట్టేసింది. "నాన్న టెస్టర్ ఎక్కడుందమ్మా ఆ రోజు?"

నాకు తెలుసు. చొక్కా జేబులో ఉంది. నీళ్ళలోకి దిగే ముందు ఆయన చొక్కా విప్పి గట్టు మీద కర్రకి తగిలించారు. చొక్కా ఇంటికి వచ్చింది, టెస్టర్ జేబులోనే ఉంది.

"విప్పేది ఏదైనా విప్పేస్తాం," అంది తను. "చెయ్యి విప్పలేం కదా."

డాక్టరుగారి చేత పెట్టించుకోమన్నాను. ఏ డాక్టరూ పెట్టరంది. అయితే పెట్టకూడనిదే కదా అన్నాను. కాదమ్మా, వాళ్ళకి అవసరం లేనిది అంది. రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు.

మే మొదటి వారానికి అది తయారైంది. సన్నటి రాగి చుట్ట గుల్నాజ్ చుట్టింది. లోపలి చిన్న సర్క్యూట్ పలకలు చరణ్ అతికించాడు. ఒంట్లో తడి తగలకుండా పైన ఒక జిగురు పూత. అది చరణ్ నాలుగు చోట్ల చదివి, ఒంట్లో పెట్టే వస్తువులకి వాడేదేనని తేల్చుకుని తెప్పించాడు. ఆ పూత గట్టిపడాలంటే వేడి తగలాలి. ఎక్కడ కాల్చాలన్న మాటే రాలేదు. మా రేకు పెట్టెలో ఆరిన మోటారు తిరిగి వచ్చింది లేదు. గుల్నాజ్‌కి ఆ పెట్టె మీద అంత నమ్మకం.

"పది గంటలు ఏకబిగిన వేడి తగలాలమ్మా. మధ్యలో ఆగితే మళ్ళీ మొదట్నుంచి. తీసేశాక పుస్తకంలో నువ్వే రాయి."

పెట్టె పక్కన దారంతో వేలాడే పొడుగు నోటుపుస్తకం ఉండేది. ఎవరు ఏ పని చేస్తే వాళ్ళు అందులో రాయాలని ముగ్గురి కట్టుబాటు. అందులో నన్ను రాయమనడం అదే మొదటిసారి. రూతమ్మగారి పలక మీద తప్ప నేను ఎక్కడా ఏమీ రాసి ఎరగను.

ఆ రోజు పొద్దున తొమ్మిదికి నా చేతనే పెట్టెలో పెట్టించి, బాగుచేసిన మోటార్లు ఇవ్వడానికి గుల్నాజ్ పెదపాడు వైపు వెళ్ళింది. ఒంటి గంటకి కరెంటు పోయింది. బల్బులు ఆరిపోయాయి. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. మెల్లగా చల్లబడింది. మూడింటికి కరెంటు వచ్చింది.

మళ్ళీ మొదట్నుంచి అంటే మూడింటినుంచి పది గంటలు. ఆ లెక్క నాకు తెలుసు. తెలియక చేసిన పని కాదు.

ఆరు దాటాక కలిదిండి నుంచి వెంకట్రాజుగారు ట్రాలీ ఆటోలో వచ్చారు. మా ఆయన ఉన్న రోజులనుంచీ మా షాపుకే వస్తారు. ఆయన మోటారుకి చుట్టడం అయిపోయింది, వార్నిష్ ఆరాలి.

"చేపలు తేలిపోతున్నాయి చెల్లెమ్మా. ఎలాగైనా రేపు తెల్లారేసరికి ఇప్పించు."

"పెట్టెలో ఇంకోటి ఉందండీ రాజుగారు. వార్నిష్ పొగ దానికి తగలకూడదు."

మూత తీసి చూశారు. "ఇదా? ఈ గింజ కోసమా?"

ఏడింటికి ఆ గింజని తీసేసి ఆయన మోటారు పెట్టాను. చేపల కోసమే తీశానా? సగం కాలింది పనిచేయదు, పనిచేయకపోతే పిల్ల మానుకుంటుంది అనుకుని తీశానా? రెండూ అనుకున్నట్టే గుర్తుంది. ఏది ముందు అనుకున్నానో గుర్తు లేదు. తరువాత పుస్తకం తీసి, పెన్సిల్ పట్టుకుని రాశాను:

"పొద్దున తొమ్మిదికి పెట్టాను. ఏడుకి తీశాను. పది గంటలు కాల్చాను."

గుల్నాజ్ వచ్చి చదివి, "ఎంత గుండ్రంగా రాశావమ్మా," అని చరణ్‌కి ఫోటో పంపింది. నేర్చుకున్న అక్షరాలతో నేను రాసిన మొదటి పనికొచ్చే మాట అబద్ధం.

ఆదివారం మధ్యాహ్నం మేడ మీద గదిలో ఆ గింజని గుల్నాజ్ చేతిలో పెట్టారు. నన్ను చూడొద్దన్నారు. మెట్ల మీద కూర్చున్నాను. లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"చేపైతే తోక కొడుతుంది. నువ్వు కొట్టకు," అంటోంది ప్రసన్న.

"చేపకి మందిచ్చి పడుకోబెడతావుగా, నాకేమో కబుర్లు చెబుతున్నావు."

"నీకూ ఇచ్చాను. మొద్దుబారలేదా?"

"బారింది. కబుర్లే గుచ్చుకుంటున్నాయి."

కాసేపటికి చరణ్ బయటికి వచ్చి నా కింది మెట్టు మీద కూర్చుని, రక్తం చూడలేనండీ ఆంటీ అన్నాడు. ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. "మంచినీళ్ళు తాగుతావా బాబూ?" అన్నాను.

నేననుకున్నట్టు జరగలేదు. అది పనిచేసింది. కుట్లు ఆరాక గుల్నాజ్ మిక్సీ దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి, నా వేళ్ళు తన చర్మం మీద పెట్టింది. లోపల చేపపిల్ల కొట్టుకున్నట్టు వణికింది. గోడ వెంట చెయ్యి జరుపుతూ, "ఇక్కడ వైరుంది, ఇక్కడ లేదు, ఇదిగో మళ్ళీ ఉంది," అంటూ ఇల్లంతా తిరిగింది. తండ్రి పోయాక తను అలా తిరగడం నేను చూడలేదు. సగం కాలింది ఇలా పనిచేస్తే, పది గంటలు ఏకబిగిన అన్నది ఉత్తి జాగ్రత్త మాటేనేమో అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టింది.

మూడు వారాలకి వెంకట్రాజుగారి ఫోను. చెరువులో ఒక ఏరేటర్ తిరగడం లేదు, మిగతావి తిరుగుతున్నాయి, అర్జెంటుగా రమ్మని. గుల్నాజ్ నన్ను తోడు రమ్మంది. ఆరేళ్ళుగా నేను కలిదిండి వైపు వెళ్ళలేదు. కొల్లేరు మీది రోడ్డున ట్రాలీ ఆటోలో పనిముట్ల పెట్టె మీద కూర్చుని వెళ్ళాను. నీళ్ళు బాగా తగ్గిపోయాయి. గూడబాతులు బురదలో నిలబడి ఉన్నాయి.

చెరువు దగ్గర మాణిక్యం అనే పనివాడు లుంగీ ఎగ్గట్టి దిగడానికి సిద్ధంగా ఉన్నాడు. గుల్నాజ్ గట్టు అంచున వంగి నీళ్ళ మీదికి చెయ్యి చాపింది.

"మాణిక్యంగారూ, దిగకండి."

గొంతు పెంచలేదు. అతను ఒక కాలు గాలిలోనే ఉంచి ఆగాడు.

"ఏమైందమ్మాయ్?" అన్నారు వెంకట్రాజుగారు.

"వణుకుతోందండీ."

"ఏది వణుకుతోంది?"

చెయ్యి చూపించి, ఉన్నది చెప్పింది. ఆయన చేతిని చూసి నా వైపు తిరిగారు. "ఇదేంటి చెల్లెమ్మా, పిల్ల ఒంట్లో మీటరు బిగించారా?"

గుల్నాజ్ మామూలు మీటరు తీసి నీళ్ళలో పెట్టి చూసింది. ఏమీ చూపించలేదు. రెండు మూడు చోట్ల చూసింది. అయినా చెయ్యి వణుకుతూనే ఉందంది. అన్ని మోటార్లకీ కరెంటు తీసేయమంది.

"తీసేస్తే చేప చస్తుంది," అన్నారాయన.

"తీసేయండి రాజుగారు."

మాణిక్యం వెళ్ళి తీసేశాడు. ఏరేటర్ల తెడ్లన్నీ ఆగాయి. ఆ చప్పుడు ఆగాక చెరువంతా ఎంత పెద్దదో తెలిసింది. కాసేపటికి చేపలు పైకి రావడం మొదలుపెట్టాయి. గుల్నాజ్ తన చేతినే చూసుకుంటోంది.

"తీశారా?"

"తీశానండీ. ఫ్యూజులు ఇవిగో, నా చేతిలోనే ఉన్నాయి," అన్నాడు మాణిక్యం.

తను ఇంకో చేత్తో ఆ చేతిని పట్టుకుంది. నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "ఆగడం లేదమ్మా."

ఆ గట్టు మీద ఎందుకు ఆగడం లేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. సగమే కాలిన పూతలోంచి లోపలికి తడి దిగింది. నేను ఆమె చేతిని పట్టుకున్నాను. చర్మం వెచ్చగా ఉంది.

"అయితే నీ ఒంట్లో మీటరే పాడైందన్నమాట," అన్నారు అది విన్న వెంకట్రాజుగారు. "మాణిక్యం, దిగు. ఫ్యూజులు పెట్టేయ్."

"వద్దండీ. ఆగిన ఏరేటర్ వైరు మార్చకుండా ఎవరూ దిగొద్దు."

"నీ చేతిలోది అబద్ధమాడుతోందని నువ్వే అంటున్నావు కదమ్మా?"

"ఇది అబద్ధమాడుతోందని తెలిసిందండీ. వైరు బాగుందని తెలియలేదు కదా."

ఆయన తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు. వైరు మార్చేసరికి రెండు గంటలు పట్టింది. గట్టు వెంబడి తెల్లటి పొట్టలు తేలాయి. మేం బయలుదేరేటప్పుడు రాజుగారు పాత వైరు చుట్టని ఆటోలో వేయించి, "ఇది నా కళ్ళ ముందు ఉండనివ్వకండి," అన్నారు, అంతే.

మరునాటికి చెయ్యి వాచింది. జ్వరం వచ్చింది. ఏలూరులో సూర్యప్రకాశరావుగారనే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చేతిని తిప్పి చూశారు.

"ఎవరు పెట్టారమ్మా ఇది?"

"మేమేనండీ."

"ఎందుకు?"

గుల్నాజ్ తల దించుకుంది. నేను చెప్పాను: "వాళ్ళ నాన్న చొక్కా విప్పేసి దిగారండీ."

ఆయనకి అర్థమై ఉండదు. అయినా ఇంకేమీ అడగకుండా చేతులు కడుక్కోవడానికి లేచారు.

తీసిన గింజని స్టీలు గిన్నెలో వేసి చూపించారు. ఒక వైపు గట్టిగానే ఉంది. రెండో వైపు ఉడికీ ఉడకని సగ్గుబియ్యంలా తెల్లగా, జిగటగా ఉంది. ఆరీ ఆరని పూత ఎలా ఉంటుందో నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

జ్వరం తగ్గింది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ మాత్రం మొద్దుబారి ఉండిపోయాయి. తీగ చుట్టేటప్పుడు బిగువు తెలిసేది ఆ రెండు వేళ్ళకే. గుల్నాజ్ ఒక మోటారు చుట్టి, నచ్చక విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పేది. నేను పక్కన కాగితాలు కత్తిరిస్తూ ఉండేదాన్ని.

తరువాతి ఆదివారం ముగ్గురూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఎక్కడ తప్పు జరిగిందో తేల్చాలి. ఒక్కో పేజీ చదివారు. నా పేజీ వచ్చింది.

"ఆంటీ పది గంటలు కాల్చారు," అంది ప్రసన్న. "నేను అన్నీ శుభ్రం చేశాను. ఇక మిగిలింది జిగురే."

"నేను చూసే తెప్పించాను," అన్నాడు చరణ్.

"సరిగ్గా చూసి ఉండవు."

"పెట్టె వేడి ఏమైనా..." అని ఆగి, అతను నా రాత వైపు చూశాడు. "లేదులే. ఆంటీ రాశారంటే కాల్చే ఉంటారు."

గుల్నాజ్ తన రెండు వేళ్ళు రుద్దుకుంటూ, అతని వైపు చూడకుండా అంది: "పోనీలే చరణ్. ఎవరో ఒకరం తప్పు చేస్తాం."

అతను టీ తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ తరువాత రెండు ఆదివారాలు రాలేదు. ఫోను చేస్తే పనుందని చెప్పాడట.

నేను రాగి కోసం వెంకట్రాజుగారి పాత వైరు ఒలుస్తూ కూర్చున్నాను. సగం దూరం ఒలిచాక ఒకచోట పైతొక్క చీలి ఉంది. లోపల రాగి పచ్చబడింది. గుల్నాజ్‌ని పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది.

"అయితే మొదట వణికింది నిజమేనా?" అన్నాను.

"అయ్యుండొచ్చు. లేక లాగేటప్పుడు చీలిందేమో. మీటరు ఏమీ చూపించలేదు కదా. తెలీదమ్మా."

మాణిక్యం కాలు గాలిలో ఆగడం నా కళ్ళ ముందు ఉంది. అది నిజం చెప్పి ఆ తరువాత పాడైందా, పాడైపోయి ఊరికే వణికితే మనిషి బతికాడా? రెండోదైతే, నా అబద్ధమే అతన్ని ఆపింది. ఆ ఆలోచన దగ్గర నాకు భయం వేసింది. ఇంకొంచెం సేపు కూర్చుంటే నేను మంచే చేశానని నన్ను నేను ఒప్పించేసుకుంటాను.

లేచి పుస్తకం తీశాను. నా పేజీలో చివరి వాక్యం కొట్టేసి, కింద రాశాను. భోజనాల వేళకి మొదలుపెడితే టీల వేళ అయింది.

"ఆ రోజు ఒంటి గంటకి కరెంటు పోయింది. మూడింటికి వచ్చింది. మళ్ళీ మొదట్నుంచి పెట్టలేదు. మునీరా."

గుల్నాజ్ పక్కన నిలబడి చదివింది. రెండుసార్లు చదివినట్టుంది.

"మూడింటికా, మూడు దాటాకా?"

"మూడింటికే."

"ఎందుకు తీసేశావు?"

"రాజుగారి మోటారు..." అని ఆగాను. "నీ చేతిలో పెట్టడం ఇష్టం లేకేమో గుల్నాజ్. ఏదో నాకే తెలీదు."

తను ఆ మాట పుస్తకంలో ఎక్కించలేదు. ఫోను తీసి నంబరు కలిపి, నా చేతిలో పెట్టింది.

"చరణ్. నువ్వే చెప్పు."

చెప్పాను. అవతల స్టేషన్ చప్పుడు వినబడుతోంది.

"గుల్నాజ్ వేళ్ళు ఎలా ఉన్నాయండీ ఆంటీ?"

"ఒకటి కొంచెం తెలుస్తోందట. రెండోది ఇంకా లేదు బాబూ."

"ఆదివారం వస్తానండీ. ఆ జిగురు ఇంకా సగం డబ్బా ఉండాలి. పారేయొద్దని చెప్పండి."

ఇది జరిగి అయిదు నెలలైంది. చలికాలం వచ్చింది, షాపులో పని తగ్గింది. గుల్నాజ్ చిటికెన వేలు ఇంకా మొద్దుగానే ఉంది. మోటార్లు ఎడమచేత్తో చుట్టడం నేర్చుకుంటోంది. ఈ రోజు పెట్టెలో రెండో గింజ ఉంది. దీన్ని తన చేతిలో పెట్టుకుంటుందా, ప్రసన్న చేతిలోనా, లేక డాక్టరుగారికి ముందుగా చూపిస్తుందా, ఇంకా తేలలేదు. నన్నూ అడిగింది. వద్దనడానికి నోరు రాలేదు, సరేననడానికీ రాలేదు. కాల్చే పని మాత్రం మళ్ళీ నాకే ఇచ్చింది.

పొద్దున ఎనిమిదికి పెట్టాను. పక్కనే కూర్చుని, ఇన్నాళ్ళుగా రాస్తున్న దీని చివరి పేజీ రాశాను. మధ్యలో పదకొండు నలభైకి కరెంటు పోయింది. పన్నెండు ఇరవైకి వచ్చింది. పుస్తకంలో రాశాను. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి.

షేక్ మునీరా, యాభై ఎనిమిదేళ్ళు, తంగెళ్ళమూడి, ఏలూరు.